ఇరుక్కున్నది ఎక్కడో తేల్చుకుంటే గైడ్ ఎంత, చీట్ ఎంత
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

వీడియో గేమ్‌లో ఒకచోట ఇరుక్కుపోయాం, దారి చెప్పే గైడ్ చూడొచ్చా, చీట్ (ఆటలో అప్పనంగా సాయం ఇచ్చే రహస్య కోడ్) కొట్టొచ్చా అన్నది ఇవాళ్టి విషయం. ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆటలో నిరభ్యంతరంగా చూడొచ్చు, కొట్టొచ్చు. ఆట మీరు కొనుక్కున్నది, సాయంత్రం మీది. ఇందులో ధర్మసూక్ష్మాలేమీ లేవు. అసలు చిక్కు వేరే ఉంది. కావలసిన సాయం ఒకటైతే తీసుకునేది ఇంకొకటి అవుతుంది. దారి తెలియనివాడు లైఫ్ ఫుల్ చేసే చీట్ కొడతాడు. లైఫ్ నిండుతుంది, దారి మాత్రం ఎక్కడిదక్కడే. చెయ్యి తిరగనివాడు గంటసేపు వాక్‌త్రూ వీడియో, అంటే ఎవరో ఆట మొత్తం ఆడి చూపించేది, చూస్తాడు. ఏం చెయ్యాలో వాడికి ముందే తెలుసు, వేళ్ళే మాట వినట్లేదు. ఆ గంట దండగ.

కాబట్టి ముందు ఎందుకు ఆగిపోయామో తేల్చుకోవాలి. ఎక్కడికి వెళ్ళాలో, ఏం చెయ్యాలో తెలియకపోవడం ఒక రకం. తెలిసినా చేతికి రాకపోవడం ఇంకో రకం. చెయ్యి బాగానే ఆడుతున్నా మన పాత్రకి బలం చాలకపోవడం వేరు. వెనకెక్కడో తీసుకోవాల్సిన తాళంచెవిని వదిలేసి రావడం వేరు. ఇక చివరిది, మన తప్పేమీ లేకుండా ఆటే చెడిపోవడం, అంటే బగ్.

తేల్చుకోవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఓడిపోయిన వెంటనే కంట్రోలర్ పక్కన పెట్టి, ఎందుకు పోయాను అని పైకే ఒక్క వాక్యంలో చెప్పండి. "వాడు కర్ర ఎత్తగానే తొందరపడి దొర్లాను" అని చెప్పగలిగితే అది చేతి సమస్య. "ఏమైందో తెలియదు, ఉన్నట్టుండి చచ్చాను" అంటే విషయం తెలియలేదు. "ముప్ఫై దెబ్బలు కొట్టాను, వాడి హెల్త్ బార్ పావు కూడా తగ్గలేదు, వాడు రెండు కొడితే నేను ఔట్" అంటే బలం చాల్లేదు. "అన్నీ చేశాను, తలుపు తెరుచుకోవట్లేదు" అన్నవాడికి ఏదో వస్తువు మిగిలిపోయి ఉండొచ్చు, బగ్ అయినా అయ్యుండొచ్చు. ఆ రెండింటినీ విడదీయడానికి ఆట పూర్తిగా మూసి, మళ్ళీ తెరిచి, ఒక సేవ్ వెనక్కి వెళ్ళి చూడాలి. అప్పుడు తలుపు తెరుచుకుంటే బగ్. తెరుచుకోకపోతే మీ జేబులో ఏదో లేదు.

నెట్ సెంటర్లలో ఆడి పెరిగిన తరానికి బాగా తెలిసిన ఒక మిషన్ తీసుకుందాం. గ్రాండ్ థెఫ్ట్ ఆటో (జీటీఏ) వైస్ సిటీ 2002లో ప్లేస్టేషన్ 2కి, 2003లో పీసీకి వచ్చింది. అందులో డిమోలిషన్ మ్యాన్ అని ఒకటుంది. పేరు చెప్పగానే నవ్వుతున్నారంటే ఆడినవాళ్ళే. ఏవరీ క్యారింగ్టన్ అనే రియల్ ఎస్టేట్ ఆసామి, కడుతున్న భవనం ఒకదాన్ని కూల్చమంటాడు. వ్యాన్‌లో కూర్చుని బొమ్మ హెలికాప్టర్ నడిపి, నాలుగు బాంబుల్ని ఒక్కొక్కటే మోసుకెళ్ళి నాలుగు అంతస్తుల్లో పెట్టాలి. ఎంతమంది దీని దగ్గర చేతులెత్తేసి ఆట డిలీట్ చేశారో లెక్కే లేదు.

ఎక్కువమంది చేసేది ఏమిటంటే, వ్యాన్ ఎక్కగానే కంగారుగా మొదటి బాంబు తీసుకుంటారు. అది తీసుకున్న క్షణం నుంచే గడియారం మొదలవుతుంది. ఇక గడియారం పరుగెడుతుంటే హెలికాప్టర్ నడపడం నేర్చుకుంటుంటారు. మెట్ల దగ్గర గోడకి తగిలి, పనివాళ్ళు కొట్టి, కాపలావాళ్ళు కాల్చి, సగంలోనే అయిపోతుంది. చెయ్యాల్సింది తలకిందులుగా చెయ్యాలి. బాంబు ముట్టుకోనంతవరకు మీకు టైమే టైము. ముందు ఖాళీగా ఎగరండి. మెట్ల దారి ఎటుందో, ఏ అంతస్తులో బాంబు పెట్టే చోటు ఎక్కడుందో చూసుకోండి. దారికి అడ్డొచ్చేవాళ్ళని ఆ హెలికాప్టర్ రెక్కలతోనే ఖాళీ చేసెయ్యండి. ఇదంతా అయ్యాకే మొదటి బాంబు. అప్పుడు గడియారం పెద్ద సమస్య కాదు.

పీసీలో ఇంకో మెలిక ఉంది. డబ్ల్యూ, ఎస్ కీలతో పైకీ కిందకీ, ఎ, డి కీలతో పక్కకి తిరగడం. ముందుకీ వెనక్కీ వంచడానికి మాత్రం నమ్‌ప్యాడ్ కీలు, అంటే కీబోర్డుకి కుడిపక్కన ఉండే అంకెల కీలు, కావాలి. నమ్‌ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ మీద ఈ మిషన్ ఆడేవాడు ఎంత తిప్పలు పడ్డా హెలికాప్టర్ ఉన్నచోటే పైకీ కిందకీ ఊగుతుంది. వాడికి కావలసింది ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆ కీలు మార్చుకోవడం. రెండు నిమిషాల పని. వీడియోలో ఆడి చూపించేవాడికి నమ్‌ప్యాడ్ ఉంటుంది కాబట్టి ఈ మాట వాడు చెప్పడు. ఇక్కడ ఆస్పిరిన్ అనే చీట్ టైప్ చేస్తే ఏమవుతుంది? ఆట హీరో టామీ ఆరోగ్యం నిండుతుంది. పాపం టామీకి ఏమీ కాలేదు, వ్యాన్‌లో హాయిగా కూర్చున్నాడు.

అదే జీటీఏ వరసలోని శాన్ ఆండ్రియాస్‌లో రైలు వెంటపడే మిషన్ కూడా అలాంటిదే. బండి వెనక కూర్చున్న బిగ్ స్మోక్ గురి సరిగా లేదని అందరూ తిట్టుకుంటారు. రైలుని రాసుకుంటూ పోతే పెట్టెల పైన ఉన్నవాళ్ళు అతనికి కనిపించరు. పట్టాలకి కుడివైపున కాస్త దూరం జరిగి, రైలుతో సమానంగా నడపండి. అతని పని అతను చేసుకుంటాడు. రెండు వాక్యాల సాయం చాలే చోట పదిహేను నిమిషాల వీడియో ఎందుకు?

బలం చాలకపోవడం గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది చేతగానితనం అనుకుని మానేస్తారు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మొదట అడ్డుతగిలే పెద్ద బాస్, అంటే ఓడిస్తే తప్ప దారి ఇవ్వని బలమైన శత్రువు, మార్గిట్. స్టార్మ్‌వేల్ కోట ముందు వంతెన మీద నిలబడి ఉంటాడు. ఆట మొదలుపెట్టగానే వెలుగు రేఖ అటే చూపిస్తుంది కాబట్టి అందరూ నేరుగా వెళ్ళి తన్నులు తింటారు. రేఖ దారి చూపిస్తుంది తప్ప ఇప్పుడే వెళ్ళమని కాదు.

వెళ్ళేముందు చర్చ్ ఆఫ్ ఎల్లేలో ఉన్న దాగలి దగ్గర కత్తిని ప్లస్ 3 దాకా పెంచుకోవచ్చు. మామూలు ఆయుధానికి మొదటి రకం స్మితింగ్ స్టోన్లు (ఆయుధం బలం పెంచే రాళ్ళు) ప్లస్ 1కి 2, ప్లస్ 2కి 4, ప్లస్ 3కి 6, మొత్తం 12 పడతాయి. లిమ్‌గ్రేవ్ టనెల్స్ అనే గనిలోకి వెళ్తే గోడల్లో మెరుస్తూ కనిపిస్తాయి. గుర్రం దొరికాక అదే చర్చ్‌కి రాత్రిపూట మళ్ళీ వెళ్తే రెన్నా అనే ఆవిడ ఆత్మల్ని పిలిచే గంట ఇస్తుంది, దాంతోపాటు మూడు తోడేళ్ళు. బాస్ చూపు తోడేళ్ళ మీదికి మళ్ళితే మీకు ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. బాస్ దగ్గరికి వెళ్ళే పొగమంచు తలుపు ముందు రోజియర్ అనే మాంత్రికుణ్ణి పిలిచే గుర్తు నేల మీద ఉంటుంది. అతణ్ణి పిలిస్తే బాస్ ఆరోగ్యం కూడా పెరుగుతుంది, తోడేళ్ళని పిలిస్తే పెరగదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

ఇంకొంచెం సాయం కావాలనుకుంటే మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ అనే మోసగాడున్నాడు. సగం ఆరోగ్యం తగ్గేసరికి కాళ్ళబేరానికి వస్తాడు. అక్కడితో ఆపి వదిలేస్తే తర్వాత కొట్టు పెట్టి మార్గిట్స్ షాకిల్ అనే గొలుసు 5,000 రూన్లకి (ఆ ఆటలో డబ్బు) అమ్ముతాడు. పోరాటంలో దాన్ని వాడితే మార్గిట్ కాసేపు నేలకి అతుక్కుపోతాడు, అదీ రెండేసార్లు. కోపంతో ప్యాచెస్‌ని చంపినవాడికి గొలుసు అతని దగ్గర కొనుక్కునే వీలు పోయినట్టే.

ఇన్ని చేశాక కూడా ఓడిపోతుంటే అప్పుడది చేతి సంగతి. మార్గిట్ కర్ర ఎత్తి గాలిలో పట్టుకుని ఆగుతాడు. ఎత్తగానే దొర్లితే, మీరు లేచే సమయానికి దెబ్బ దిగుతుంది. కర్ర కదిలినప్పుడు కాదు, కిందికి దిగుతున్నప్పుడు దొర్లాలి. మీరు దూరంగా వెళ్ళి మందు తాగబోతే చూసి బాకు విసురుతాడు. అందుకే అతని పెద్ద దెబ్బ నేలకి తగిలి అతను ఇంకా లేవని క్షణంలో తాగాలి. ఇలాంటిది నేర్చుకోవడానికి వీడియో బాగా పనికొస్తుంది. మొత్తం కాదు, ఆ ఒక్క దెబ్బ ఉన్న పది సెకన్లు, సగం వేగంతో. ఇదంతా విసుగనిపిస్తే ఇంకో దారి ఉంది. కోట పక్కనుంచి కొండ అంచు వెంబడి వెళ్తే మార్గిట్‌నే కాదు, కోటనే తప్పించుకుని లియుర్నియా అనే తర్వాతి ప్రాంతానికి చేరొచ్చు. బలం పెంచుకుని తర్వాత తీరిగ్గా వెనక్కి రావచ్చు. ఇది చీట్ కాదు, ఆట తయారుచేసినవాళ్ళే వదిలిన దారి.

ఇక గైడ్ల సంగతి. దారి తెలియని చోట, పజిల్ దగ్గర, రాతలో ఉన్న గైడ్ మేలు. వెతకాల్సిన ముక్క వెతుక్కుని చదివి బయటికి రావచ్చు. గెంతడం, టైమింగ్ ఉన్న చోట వీడియో. దాచిన వస్తువులు ఏరుకోవడానికి మ్యాప్. వెతికేటప్పుడు "గేమ్ ఎలా గెలవాలి" అని కొట్టకండి. ఆట పేరు, మిషన్ పేరు అక్షరం పొల్లుపోకుండా, స్క్రీన్ మీద కనిపిస్తున్న చివరి ఆదేశం, ఈ మూడూ రాయండి. మీరు ఆడేది పీసీనా, మొబైలా, పాతదా, మెరుగుపెట్టి మళ్ళీ తెచ్చిన రీమాస్టరా అన్నది కూడా చేర్చండి. తర్వాత గైడ్ తేదీ, మీ ఆట వెర్షన్ నంబర్ చూడండి. ఆన్‌లైన్ అప్‌డేట్లు వచ్చే ఆటల్లో బాస్ ఆరోగ్యం, ఆయుధం దెబ్బ, వస్తువు దొరికే చోటు మారిపోతుంటాయి. రెండేళ్ళ కిందటి గైడ్‌లో "ఈ కత్తి ఒక్కటి చాలు" అని ఉంటే, ఆ కత్తిని ఆ తర్వాత వాళ్ళే మొద్దుబార్చి ఉండొచ్చు.

గైడ్‌తో ఇంకో బాధ, అడిగినదానికన్నా ఎక్కువ చెప్పేస్తుంది. ఈ బాధ పాతదే, దానికి మందు కూడా పాతదే. 1980లలో ఇన్ఫోకామ్ అనే అమెరికన్ కంపెనీ బొమ్మల్లేకుండా అక్షరాలతో నడిచే ఆటలు చేసేది, జోర్క్ లాంటివి. వాళ్ళు ఇన్విజిక్లూస్ అని సూచనల పుస్తకాలు అమ్మారు. ప్రశ్న కనిపిస్తుంది, జవాబులు కనిపించని సిరాతో అచ్చయి ఉంటాయి. ప్రత్యేకమైన పెన్నుతో రుద్దితే ఒక్కో వరస బయటపడుతుంది. మొదటి వరస చిన్న సైగ, రెండోది ఇంకాస్త, చివరిది పూర్తి జవాబు. ప్రశ్నల్ని చూసే కథ ఊహించేస్తారని మధ్యమధ్య దొంగ ప్రశ్నలు కూడా పెట్టారు, ఆటలో లేనివాటి గురించి! తర్వాత 1988లో మొదలైన యూనివర్సల్ హింట్ సిస్టమ్ ఇదే పద్ధతిని కంప్యూటర్ మీదికి తెచ్చింది.

ఆ పద్ధతి మీకు మీరే పెట్టుకోవచ్చు. 1998 నాటి జెల్డా, ఆకరినా ఆఫ్ టైమ్‌లో నీటి గుడి ఉంది కదా, ప్రపంచమంతా ఒక చిన్న తాళంచెవి దగ్గర ఆగిపోయింది. మొదటి సాయం ఇంతే: మధ్యలో ఉన్న స్తంభం లోపలికి మళ్ళీ వెళ్ళు. చాలామందికి ఇది చాలు. చాలకపోతే రెండోది: అక్కడ పాట వాయించి నీళ్ళు మధ్య మట్టానికి పెంచాక, వెంటనే బయటికి వచ్చెయ్యకుండా కిందికి చూడు. అదీ చాలకపోతే మూడోది: నీళ్ళతోపాటు పైకి తేలిన దిమ్మె కింద గొయ్యి ఉంది, ఇనుప బూట్లు వేసుకుని అందులోకి దిగు. నీళ్ళు పెరగగానే అందరూ పైకే చూస్తారు కాబట్టి ఆ గొయ్యి కళ్ళబడదు. 2011లో నింటెండో 3డీఎస్‌కి మళ్ళీ తెచ్చినప్పుడు నీటి మట్టం మార్చే చోట్లకి దారి చూపించేలా గోడల మీద రంగు గీతలు గీశారు. గైడ్ చేసే పనిని ఆటలోకే తెచ్చారన్నమాట.

ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌లని అడిగేవాళ్ళు పెరిగారు. అడగొచ్చు. "పూర్తి జవాబు వద్దు, ఒక్క సూచన చాలు" అంటే ఆ మెట్టు పద్ధతిలోనే చెప్తుంది. కాకపోతే ఆటలో లేని వస్తువుని ఉన్నట్టు, లేని తలుపుని తెరుచుకున్నట్టు ఎంతో నమ్మకంగా చెప్పేస్తుంది. అది చెప్పిన వస్తువు పేరుని విడిగా ఒకసారి వెతకండి. ఆ ఆట వికీలో ఆ పేరే లేకపోతే ఆ సలహా అక్కడితో వదిలెయ్యండి.

చీట్ల దగ్గరికొద్దాం. ఇవి మొదట ఆటగాళ్ళ కోసం పుట్టినవి కావు. గ్రేడియస్ ఆటని నింటెండోకి మారుస్తున్న కజుహిసా హషిమోటోకి పరీక్షించడానికి ఆ ఆట మరీ కష్టమైంది. అందుకని పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ అని నొక్కితే అన్ని శక్తులూ వచ్చేలా పెట్టుకున్నాడు. అది 1986 ఆటలో అలాగే ఉండిపోయింది. తర్వాత కాంట్రాలో అదే వరస నొక్కితే 30 లైఫ్‌లు. అంటే పనివాడు గోడ కట్టేటప్పుడు వేసుకున్న సారవ లాంటిది చీట్. దాని మీద ఎక్కి పని చేసుకోవచ్చు, కాకపోతే అది నివాసానికి కట్టింది కాదు. ఎక్కడ విరుగుతుందో ఎవరూ పరీక్షించి ఉండరు.

విరిగే చోట్లు తెలుసుకోవాలి. వైస్ సిటీలో, శాన్ ఆండ్రియాస్ పీసీలో ఆట నడుస్తుండగానే అక్షరాలు టైప్ చేస్తే చాలు, పెట్టె ఏదీ తెరుచుకోదు. పాజ్ మెనూలో కొడితే పనిచెయ్యదు. వైస్ సిటీలో ఆస్పిరిన్ (ఇంగ్లీషులో చివర ఇ కూడా కొట్టాలి) ఆరోగ్యానికి, ప్రెషస్ ప్రొటెక్షన్ కవచానికి, లీవ్ మీ అలోన్ పోలీసు స్టార్లు పోవడానికి, పాంజర్ ట్యాంకుకి. మాటల మధ్య ఖాళీ ఇవ్వకూడదు. శాన్ ఆండ్రియాస్‌లో హెసోయామ్, అంటే హెచ్, ఇ, ఎస్, ఓ, వై, ఎ, ఎమ్ కొడితే ఆరోగ్యం, కవచం, రెండున్నర లక్షల డాలర్లు. ఇవన్నీ ఒక్కసారి ఇచ్చి పోయేవి. వీటితో సేవ్ చేసినా పెద్ద నష్టం ఉండదు.

ప్రమాదం ఇంకో జాతి చీట్లతో. రోడ్డు మీద జనం అల్లర్లు చెయ్యడం, అందరి చేతుల్లో తుపాకులు, అందరూ మీ మీద పడటం. పిల్లలకి ఇవే సరదా. ఇవి జనం ప్రవర్తననే మార్చేస్తాయి. మళ్ళీ ఆపడం కుదరదు, పైగా సేవ్ చేస్తే సేవ్‌లోకి ఎక్కి కూర్చుంటాయి. శాన్ ఆండ్రియాస్‌లో చాలా దూరం వెళ్ళాక మ్యాడ్ డాగ్ అనే మిషన్ వస్తుంది. మేడ మీదినుంచి దూకబోతున్న ఒక గాయకుణ్ణి, అట్టపెట్టెలున్న లారీని కింద పెట్టి కాపాడాలి. ఎప్పుడో మొదట్లో ఈ చీట్ కొట్టి సేవ్ చేసినవాడికి, లారీ ఇంకా చేరకుండానే అతను దూకేస్తాడు. ఎన్నిసార్లు ఆడినా అంతే. కథ అక్కడ ఆగిపోతుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. వాడు ఆ చీట్ కొట్టిన సంగతి కూడా మర్చిపోయి ఉంటాడు, గైడ్లన్నీ తిరగేస్తుంటాడు. చీట్ కొట్టాక సేవ్ చెయ్యబోతే ఆట ఒక హెచ్చరిక కూడా చూపిస్తుంది. చదవకుండా ఎంటర్ కొట్టేస్తాం.

అందుకని చీట్‌కి ముందు సేవ్ ఫైల్ నకలు తీసుకోండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం బాధలుండవు. శాన్ ఆండ్రియాస్‌కైతే డాక్యుమెంట్స్‌లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ యూజర్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఆట మూసేసి, మొత్తం ఫోల్డర్‌ని తేదీ పేరుతో ఇంకోచోట కాపీ చెయ్యండి. పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఆడుతుంటే ఇంకో మాట. పాత సేవ్‌ని తిరిగి పెట్టేటప్పుడు ఆ ఆటకి క్లౌడ్, అంటే సేవ్‌ల నకలుని నెట్‌లో దాచే ఏర్పాటు, ఆపెయ్యండి, లేకపోతే మీరు పెట్టిన మంచి ఫైల్ మీద క్లౌడ్‌లో ఉన్న చెడిపోయిన ఫైల్ వచ్చి కూర్చుంటుంది. చీట్ కొట్టి సరదా పడ్డాక సేవ్ చెయ్యకుండా బయటికి రావడం ఇంకా తేలిక. ఆటోసేవ్ ఉన్న ఆటల్లో మాత్రం మీరు చెయ్యకపోయినా అదే చేసేస్తుంది.

మైన్‌క్రాఫ్ట్ ఆడే పిల్లలున్నారు కాబట్టి అదీ చెప్తాను. ఫోన్‌లో, కన్సోల్‌లో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఒక్కసారి చీట్స్ ఆన్ చేస్తే ఆ లోకంలో అచీవ్‌మెంట్లు శాశ్వతంగా ఆగిపోతాయి. తర్వాత ఆఫ్ చేసినా రావు. అందుకే సెట్టింగ్స్‌లో కాపీ వరల్డ్ నొక్కి, ఆ నకలులో చీట్ కొట్టి చూసుకోండి. పీసీలోని జావా ఎడిషన్‌లో చీట్లు లేకుండా మొదలుపెట్టిన లోకంలో కూడా ఎస్కేప్ నొక్కి, ఓపెన్ టు ల్యాన్ అని, అక్కడ చీట్స్ ఆన్ చేసుకోవచ్చు. చచ్చినా వస్తువులు పోకుండా కీప్ ఇన్వెంటరీ నియమం పెట్టుకుంటే లావాలో పడి వజ్రాలన్నీ పోయాయని ఆట మానేసే పిల్లవాడు మానకుండా ఉంటాడు. ఇంత చిన్న చీట్ చాలు.

చివరి డ్రాగన్ దగ్గరికి చేరే కోట దొరక్క ఆగిపోయేవాళ్ళకి అసలు చీటే అక్కర్లేదు. ఐ ఆఫ్ ఎండర్‌ని, అంటే విసిరితే కోట ఉన్న దిక్కుకి ఎగిరే కన్నుని, అడుగడుక్కీ విసురుతుంటారు. విసిరిన ప్రతిసారీ అది పగిలిపోయే అవకాశం అయిదింట ఒకటి. ఉన్నవన్నీ దారిలోనే అయిపోతాయి. ఒకచోట విసిరి అది పోయిన దిక్కు గుర్తుపెట్టుకోండి. పక్కకి రెండు మూడు వందల బ్లాకులు నడిచి ఇంకోసారి విసరండి. ఆ రెండు గీతలు కలిసే చోట కోట. జావాలో మొదటి మూడు కోటలు లోకం మధ్యబిందువు నుంచి 1,280, 2,816 బ్లాకుల మధ్యలో ఉంటాయి. కోటలో ఉన్న ద్వారానికి ఆ కళ్ళు 12 పట్టేచోట కొన్ని ముందే అమర్చి ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు, కాబట్టి 16 పట్టుకెళ్ళండి.

ఇక కోడ్లు లేని ఆటల్లో చీట్ ఇంజిన్ లాంటి ప్రోగ్రామ్‌లు వాడతారు. మీ దగ్గర 1,500 నాణేలున్నాయి. ఆ అంకె కంప్యూటర్ మెమరీలో ఎక్కడెక్కడ ఉందో వెతకమంటారు, వేల చోట్లు వస్తాయి. ఆటలో 180 ఖర్చుపెట్టి, ఆ వేలల్లో ఇప్పుడు 1,320గా మారినవేవో చూడమంటారు. అలా రెండు మూడుసార్లు వడపోస్తే ఒకటో రెండో మిగులుతాయి. దాన్ని మార్చేస్తే డబ్బు మారుతుంది. ఇది మీ కంప్యూటర్‌లో ఉండే అంకెకే పనిచేస్తుంది.

ఇది అర్థమైతే ఫ్రీ ఫైర్ డైమండ్లు, బీజీఎంఐ యూసీలు, అంటే ఆ ఫోన్ ఆటల్లో అసలు డబ్బు పెట్టి కొనే నాణేలు, ఉచితంగా ఇస్తామనే మాటలో మోసం కూడా అర్థమవుతుంది. ఆ లెక్క మీ ఫోన్‌లో లేదు, కంపెనీ సర్వర్‌లో ఉంది. ఫోన్‌లో ఉన్న ఏ యాప్ దాన్ని మార్చలేదు. మీ ఫోన్ తెర మీద 99,999 అని కనిపించినా కొనబోతే సర్వర్ ఒప్పుకోదు. మరి ఆ సైట్లు ఏం చేస్తాయి? ముందు మీ ఐడీ అడుగుతాయి, తర్వాత మనిషేనని రుజువు చేసుకోమని సర్వేలు నింపిస్తాయి, యాప్‌లు డౌన్‌లోడ్ చేయిస్తాయి, చివరికి లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ. అమ్మానాన్నల ఫోన్‌లో ఆడే పిల్లలు ఓటీపీ దాకా వెళ్ళారంటే పోయేది డైమండ్లు కాదు, బ్యాంకులో డబ్బు. గోడల వెనక ఉన్నవాళ్ళని చూపించే మోడ్ ఏపీకేలు, అంటే ఎవరో మార్చేసిన ఆట యాప్‌లు, కూడా అంతే. ఎదుటి మనిషితో ఆడే ఆటలో అది దొంగతనం. ఖాతా పోతుంది, కొన్ని ఆటల్లో ఆ ఫోన్ మొత్తం నిషేధంలో పడుతుంది. ఒంటరి ఆటలో చీట్‌కి నేనిచ్చిన వెసులుబాటు ఇక్కడికి వర్తించదు.

ఈ రోజుల్లో చాలా ఆటల్లో చీట్ అనే పేరు లేకుండా సెట్టింగ్స్‌లోనే సాయం పెట్టేస్తున్నారు. ముందు అక్కడ చూడండి. 2018 నాటి సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది. ఆట వేగాన్ని పది శాతం చొప్పున సగం దాకా తగ్గించుకోవచ్చు. చేతి సమస్య ఉన్నవాళ్ళకి నా ఓటు దానికే, చావు లేకుండా చేసుకోవడానికి కాదు. వేగాన్ని 80కి తగ్గించి ఆ గది దాటి, మళ్ళీ 100కి పెట్టుకుంటే వేళ్ళకి ఆ దారి అలవాటవుతుంది. అదే ఏడాది వచ్చిన మార్వెల్స్ స్పైడర్ మ్యాన్‌లో పజిల్స్ దాటేసే ఐచ్ఛికం ఉంది. జీటీఏ 5లో ఒకే ఘట్టంలో మూడుసార్లు ఓడిపోతే దాటెయ్యమంటావా అని ఆటే అడుగుతుంది. దానికి అవునంటే తలవంపులేమీ లేదు.

సరే, ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: సార్, సేవ్ ఆల్రెడీ పాడైపోయింది, నకలు తీసుకోలేదు. మొదట్నుంచి ఆడాల్సిందేనా?)

తొందరపడకండి. ముందు ఆ ఆట తెరవడం ఆపెయ్యండి. తెరిచినకొద్దీ ఆటోసేవ్ పాత ఫైళ్ళ మీద రాసేస్తుంది. అదే ఫోల్డర్‌లో మిగతా స్లాట్లు చూడండి. తేదీ వారీగా పేర్చితే మీరు మర్చిపోయిన పాత సేవ్ ఒకటి తరచుగా దొరుకుతుంది. మీ డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్‌లో ఉంటే, ఆ ఫైల్ మీద కుడి క్లిక్ చేసి వెర్షన్ హిస్టరీలో నిన్నటిదో మొన్నటిదో తిరిగి తెచ్చుకోవచ్చు. అదీ లేకపోతే, సరిగ్గా మీ మిషన్ ముందు ఆపిన వేరేవాళ్ళ సేవ్ ఫైల్ వెతకండి. పాత ఆటలకి ఇలాంటివి మిషన్ల వారీగా దొరుకుతాయి. మీ ఆట వెర్షనూ ఆ ఫైల్ వెర్షనూ ఒకటే అయ్యుండాలి, లేకపోతే తెరుచుకోదు. డౌన్‌లోడ్ అయినది సేవ్ ఫైలే అయ్యుండాలి. ఈఎక్స్ఈ ఫైల్, అంటే తెరిస్తే నడిచే ప్రోగ్రామ్, వస్తే మాత్రం దాన్ని తెరవకుండా డిలీట్ చేసెయ్యండి.